పెద్దోళ్ల పొద్దుగాల పావుగంట

(నల్లగొండల రిటైరైనోళ్ల కూడికల ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలు. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు రాసినం.)

అందరికి నమస్తే. వెనకదాక వినొస్తుందా అన్నా? సరే. నన్ను పిలిచినప్పుడు షుగర్ గురించి చెప్తరా మేడం, బీపీ గురించి చెప్తరా అని అడిగిండ్రు. నేనే అన్న, అవి చెప్పెటోళ్లు మస్తుమంది ఉన్నరు, నేను దొడ్డికి పోవుడు గురించి చెప్త అని. ఫోన్ల అటుపక్క కొద్దిసేపు మాట లేదు. గదే మనకున్న ఇబ్బంది. 30 ఏండ్లు సర్కారు దవాఖాన్లల్ల పనిచేసిన, వార్డుల పెద్దమనుషులు మోకాళ్ల నొప్పులు చెప్తరు, నిద్ర పడ్తలేదని చెప్తరు, కోడలు సరిగ అరుసుకుంటలేదని కూడ చెప్తరు, గని నాలుగు రోజులసంది దొడ్డికి పోలేదని మాత్రం నోరు తెరిచి చెప్పరు, మనం అడిగితె తల పక్కకు తిప్పుకుంటరు. ఆడోళ్లయితె ఇంక చెప్పనే చెప్పరు.

మా నాయిన సంగతి ముందు చెప్త. మాది మర్రిగూడ దిక్కు పల్లె, ఫ్లోరైడ్ నీళ్లు తాగిన ఊరు, మీకు తెలువంది కాదు. ఆ నీళ్లకు ఎముకలు బిగుసుకపోయి నాయినకు నడుము వంగకపోయేది, మెడ తిరగకపోయేది, మోకాళ్లు సగమే ముడుచుకునేటియి. 78 ఏండ్లప్పుడు ఒకరోజు మా తమ్ముడు ఫోన్ చేసి అక్కా, నాయినకు మోషన్స్ అయితున్నయి, బట్టలల్లనే పోతున్నడు, నీళ్ల లెక్క పోతుంది అన్నడు. నేను డ్యూటీల ఉన్న, ఏం ఆలోచించలె, తిండి తక్కువ పెట్టు, ఓఆర్ఎస్ తాగియ్యి, మోషన్స్ బందయ్యే గోళీ ఎయ్యి అని ఫోన్లనే చెప్పిన. మూడు రోజులు గట్లనే నడిచింది. నాలుగో రోజుకు పొట్ట డప్పు లెక్క ఉబ్బింది, మూత్రం బందయ్యింది, మనిషి ఎటో చూసుకుంట ఏదేదో మాట్లాడుతున్నడు. తీసుకొస్తే డ్యూటీ డాక్టరు, చిన్న పిలగాడే, గ్లౌజ్ ఏసుకుని పరీక్ష చేసి నన్ను పక్కకు పిలిచిండు. మేడం, ఇవి మోషన్స్ కావు, లోపల మలం బండ లెక్క గట్టిపడి ఇరుక్కున్నది, దాని పక్క సందుల కెల్లి నీళ్లు కారుతున్నయి అన్నడు. అంటే నేను ఎయ్యమన్న గోళీ ఆ బండను ఇంకింత బిగబెట్టింది. రెండు రోజులు ఎనిమాలు, అంటే కింద నుంచి మందు నీళ్లు ఎక్కిచ్చుడు, ఇచ్చినంక, మూత్రానికి పైపు ఏసినంక మనిషి మనిషైండు. ఎంతమంది పేషెంట్లకు ఎనిమా ఇచ్చిన చేతులు ఇవి, సొంత నాయినను నేను అడగలె, చివరిసారి మంచిగ ఎప్పుడు పోయినవ్ నాయినా అని.

అందుకని మీ ఇంట్ల పెద్దమనిషికి కొన్నిరోజులు దొడ్డికి రాక, తర్వాత ఉన్నట్టుండి నీళ్ల లెక్క కొంచెం కొంచెం బట్టలకు అంటుతుందంటే, మోషన్స్ గోళీ ఎయ్యకుండ్రి. ముందుగాల దవాఖానకు తీసుకపోండ్రి.

సరే, మలబద్ధకం అంటే ఏంది? రోజూ పోకపోతే మలబద్ధకం అని మన పెద్దోళ్లు అనుకుంటరు, అది తప్పు. రోజుకు మూడుసార్లు పోయే మనిషికి అదే మామూలు, వారానికి మూడుసార్లు పోయే మనిషికి అదే మామూలు, మెత్తగ, ముక్కకుండ వస్తే చాలు. ఒక్కరోజు రాకపోయేసరికి మెడికల్ షాపుకు మనిషిని ఉరికిస్తరు, గోళీ ఏసుకుంటె కడుపు మొత్తం ఖాళీ అయితది, ఖాళీ అయినంక మల్ల నిండనీకె రెండురోజులు పడ్తది గద, ఆ రెండురోజులు రాలేదని మల్ల గోళీ. ఇట్ల ఏండ్లకేండ్లు నడుస్తున్నోళ్లను చూసిన. మనం చూడాల్సింది వారానికి మూడుసార్ల కన్న తక్కువైతుందా, గట్టిగ వస్తుందా, ముక్కుతున్నరా, పోయొచ్చినా ఇంక మిగిలింది అనిపిస్తుందా, ఇవి. ఇంగ్లాండ్ల బ్రిస్టల్ అనే ఊరి డాక్టర్లు 1997ల మలం ఎట్లుంటదో ఏడు బొమ్మల చార్టు అచ్చేసిండ్రు, ఇప్పటికి డాక్టర్లు దాన్నే చూపిస్తరు. మొదటిది మేకపెంటికల లెక్క ఇడిఇడిగ, రెండోది గడ్డలన్ని అతుక్కున్నట్టు, ఈ రెండు మలబద్ధకం. మూడు, నాలుగు మంచియి, నాలుగోది అరటిపండు లెక్క నున్నగ వస్తది. ఏడోది ఒట్టి నీళ్లు. గొర్లు మేపేటోళ్లు పెంట చూసి జీవానికి బాగున్నదా లేదా చెప్తరు, మనం మన దాన్ని చూసుకోనీకె సిగ్గుపడ్తం.

పెద్దతనంల ఇది ఎందుకు ఎక్కువైతది అంటే, పెద్దపేగు చేసే పని నీళ్లు గుంజుకునుడు. మలం అండ్ల ఎంతసేపుంటె అంత గుంజుకుంటది, అంత గట్టిపడ్తది. పెద్దోళ్లకు కదులుడు తక్కువ, తినుడు తక్కువ, దాహం అనేది కూడ తక్కువ తెలుస్తది. గని నేను రిటైరైనంక ఊర్లల్ల ఇండ్లకు పోయి చూసినంక ఒకటి అర్థమైంది, సగం సంగతి పేగులల్ల లేదు, ఇంటి వాకిట్ల ఉన్నది.

ఎట్లనో చెప్త. ఒక అవ్వ ఇంటికి పోయిన. ఏమవ్వా నీళ్లు ఎన్ని తాగుతవ్ అంటె, పొద్దుగాల చాయ్ తాగుత బిడ్డా, అన్నం తిన్నంక రెండు గుక్కలు అన్నది. ఎందుకు తాగవ్ అంటె, తాగితె లేవాలె గద అన్నది. వాళ్ల లెట్రిన్ ఏడున్నది అంటే, ఇంటెనుక మూలకు, బర్ల కొట్టం దాటినంక. రాత్రి లైటు లేదు, మెట్టు ఎత్తున్నది, లోపల పట్టుకోనీకె ఏం లేదు, కిందికి కూసుంటె లేవొస్తలేదు. ఒకసారి పడ్డది, అప్పటిసంది సాయంత్రం నాలుగు దాటితె నీళ్లు ముట్టదు. కోడలు పొద్దుగాల పొలానికి పోతది, పిల్లలు బడికి తయారైతరు, లెట్రిన్ ఒక్కటే, అందరు పోయినంక పోదాం అని అవ్వ ఆపుకుంటది. ఆ ఆపుకునుడే పెద్ద నష్టం. ఆడోళ్లు చిన్నప్పటిసంది చీకటి పడేదాక ఆపుకుని బతికినోళ్లు, బైలుకు చెంబు పట్టుకుని చీకట్ల పోయేది, ఇప్పుడు ఇంట్ల లెట్రిన్ వచ్చినా ఆ అలవాటు ఒంట్లకెల్లి పోలె. ఎన్నోసార్లు ఆపుకుంటె మలద్వారం కాడ నిండింది అనే తెలివిడే మొద్దుబారిపోతది, ఇగ తర్వాత పొమ్మన్నా రాదు.

మనం ఏదన్న తిన్నంక, తాగినంక, కడుపు నిండంగనే పెద్దపేగు దానంతట అదే కదులుతది. దేవుడిచ్చిన ఏర్పాటు అది. పొద్దుగాల లేచినంక ఇంక గట్టిగ ఉంటది. కాబట్టి ఏడింటికి చాయో, వేడి నీళ్లో, తైదంబలో ఇచ్చి, అరగంట లోపల వాళ్లను కూసోబెట్టాలె, వచ్చినా రాకపోయినా ఒక పావుగంట లెట్రిన్ వాళ్లదే, ఎవ్వరు తలుపు కొట్టొద్దు, అయ్యిందా అవ్వా అని కేక ఎయ్యొద్దు. పది నిమిషాలు కూసున్నా రాకపోతె లేచి రావాలె, ముక్కొద్దు. గుండె జబ్బున్నోళ్లు గట్టిగ ముక్కితె కండ్లు తిరిగి పడిపోతరు, మొలలు దిగుతయి, గిలక, అంటే హెర్నియా ఉన్నోళ్లకు ఇంక జారుతది. రోజూ అదే టైముకు. రెండు మూడు వారాలు పట్టుకుంటె పేగుకు అలవాటైతది.

కూసునే తీరు కూడ చెప్త. కిందికి గొంతుకూసునుడు అసలు మంచి తీరు, ఎందుకంటె మలద్వారం దగ్గర ఒక కండరం పేగును మలిపి పట్టుకుంటది, మోకాళ్లు పైకి వచ్చినప్పుడు అది వదులై దారి తిన్నగైతది. గని మోకాళ్లు పోయినోళ్లను, మా నాయిన లెక్క ఫ్లోరైడ్‌తోని బిగుసుకపోయినోళ్లను కిందికి కూసోమంటె కూసుంటరా? వాళ్లకు కమోడు కావాలె, లేకపోతె కమోడు కుర్చీ. కమోడు మీద కూసున్నప్పుడు కాళ్ల కింద జానెడంత ఎత్తు పీట ఏసి, కొంచెం ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుంటె గొంతుకూసున్న తీరే అయితది. నడుము అసలే వంగనోళ్లను బలవంతంగ వంచకుండ్రి, వంగినకాడికే. గోడకు ఒక ఇనుప పైపు కొట్టియ్యుండ్రి, ఒక బల్బు పెట్టియ్యుండ్రి. ఈ రెండింటికి అయ్యే ఖర్చు ఒక్కసారి పడి తుంటి ఎముక ఇరిగితె అయ్యే ఖర్చు ముందల ఏపాటిది? ఇప్పుడు మా ఊర్ల కృష్ణ నీళ్లు వస్తున్నయి, పిల్లలకు ఆ బాధ లేదు, గని ఆ పాత నీళ్లు తాగి పెరిగినోళ్ల ఎముకలు మల్ల వెనకటి లెక్క కావు, వాళ్లకు లెట్రిన్ మనమే మార్చాలె.

ఇగ తిండి. మనదిక్కు వెనకట ఏం తినెటోళ్లు? జొన్న గటక, జొన్న రొట్టె, సజ్జ రొట్టె, తైదంబలి. వరన్నం అంటె పండుగకో, సుట్టాలొస్తెనో. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినంక ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు, నేను తక్కువ చేసి మాట్లాడను. గని జొన్న పోయింది. హైదరాబాద్ల జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది గద, తార్నాక కాడ, వాళ్ల లెక్కల పాలిష్ పట్టిన తెల్ల బియ్యంల 100 గ్రాములకు పీచు మూడు గ్రాములు కూడ ఉండదు, జొన్నలల్ల పది గ్రాములు ఉంటది, సజ్జలు, తైదలు ఇంకొంచెం ఎక్కువ. 2000 కేలరీలు తినే మనిషికి రోజుకు 30 గ్రాముల దాక పీచు కావాలంటరు వాళ్లు. మూడు పూటలు తెల్లన్నం, పల్చని చారు, మామిడికాయ తొక్కు తినే పెద్దమనిషికి అండ్ల సగం కూడ వస్తదా మీరే లెక్క చూడుండ్రి.

మరి నోట్ల పండ్లు లేవు గద మేడం, జొన్నరొట్టె ఎట్ల నములుతరు అంటరు. నిజమే. పండ్లు ఊడినోళ్లు ముందు ఇడిసేదే రొట్టెలు, కూరగాయలు, పండ్లు ఫలాలు. అందుకే మెత్తగ చేసి పెట్టాలె. రొట్టెను పప్పుల నానబెట్టుండ్రి. గటక వండి సల్ల పోయుండ్రి. తోటకూర, బచ్చలికూర, పాలకూర, గంగవాయిలి కూర ఏదైనా పప్పుల మెత్తగ ఉడికించి మెదుపుండ్రి. పెసర్లు, బొబ్బర్లు, అనుములు మెత్తగ ఉడకబెట్టుండ్రి. బీరకాయ, సొరకాయ లేతయి తోలుతోనే వండుండ్రి. ఇదంత ఒక్కరోజే మొదలుపెట్టొద్దు. రోజూ తెల్లన్నం తినే కడుపుల ఒక్కసారే జొన్నలు, అనుములు పడితె గ్యాస్ పట్టి, నీ జొన్నలు ఒద్దు నువ్వొద్దు అంటరు. మొదటి వారం పొద్దుగాల అంబలి ఒక్కటే, రెండోవారం రాత్రికి రొట్టె, గట్ల మెల్లమెల్లగ.

బత్తాయి జిల్లా మనది. దవాఖానల పేషెంట్లకు అందరు బత్తాయి జ్యూసే తెస్తరు, వడగట్టి, పిప్పి పారేసి. పీచు అంతా ఆ పిప్పిలనే ఉన్నది. తొనలు పైన తెల్ల పొరతోని తినిపియ్యుండ్రి, నమలరాకపోతె బొప్పాయి పెట్టుండ్రి. జాంకాయల పీచు మస్తుంటది, షుగరున్నోళ్లు కూడ ఒకటి తినొచ్చు. సీజన్ల పాలమూరు సీతాపండ్లు వస్తయి, బాలానగర్ దిక్కువి, అవి షుగర్ లేనోళ్లు తినుండ్రి, ఉన్నోళ్లు కొంచెం చూసుకోవాలె.

పాలమూరు అన్నంక ఇంకోటి యాదికొచ్చింది. అటు అచ్చంపేట, నారాయణపేట ఊర్లల్ల కొడుకు కోడలు బొంబాయికో హైదరాబాదుకో వలస పోతె ముసలోళ్లు ఇద్దరే ఉంటరు, ఒక్కోకాడ ఒక్కరే. ఒక్క మనిషికి కూర ఏం వండుత అని పొద్దుగాల ఇంత అన్నం వండి రెండుపూటలు తొక్కుతోని తింటరు. వాళ్లకు పీచు, గ్రాములు అని చెప్తె ఏం లాభం? పక్కింటోళ్లు ఒక గిన్నెడు ఆకుకూర పప్పు ఇయ్యాలె. ఫోన్ చేసినప్పుడు కొడుకులు తిన్నవా అని అడుగుతరు, ఏం కూర తిన్నవ్ అని అడుగుండ్రి.

నీళ్లు లేకుండ పీచు ఒక్కటే పెంచితె ఇంక గట్టిపడ్తది, ఇది మరువకుండ్రి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గ్లాసులు, మన ఎండాకాలంల ఇంకింత. సల్ల, అంబలి, పచ్చిపులుసు, చారు కూడ అండ్లకే లెక్క. రాత్రి లేవాల్సొస్తదని భయపడెటోళ్లు ఎక్కువ నీళ్లు పొద్దుగాల నుంచి సాయంత్రం ఐదులోపల తాగుండ్రి. గుండె వీకైందని, కిడ్నీ పాడైందని డాక్టర్ నీళ్లు కొలిచి తాగమన్నోళ్లు ఉంటరు, వాళ్లు నా మాట పట్టుకోకుండ్రి, డాక్టర్ చెప్పినంతనే.

(ముందు వరుసల కెల్లి ఒక పెద్దాయన: మేడం, మా చిన్నతనంల ఆముదం తాగిపిచ్చెటోళ్లు, దాంతోని అన్నీ సాఫ్ అయ్యేటియి, ఇప్పుడు తాగొచ్చా?)

మంచిగ అడిగిండ్రు పెదనాయినా. ఆముదాలు పండిచ్చిన జిల్లాలే మనయి, పాలమూరు, నల్లగొండ, ప్రతి ఇంట్ల ఆముదం ఉండేది. అది చిన్నపేగును గట్టిగ కదిలిస్తది, కడుపుల నొప్పి లేస్తది, నీళ్లు నీళ్లు పోతది. వయసుల ఉన్నోళ్లు తట్టుకుంటరు. 75 ఏండ్ల మనిషికి, బీపీ గోళీలు మింగే మనిషికి ఒక్కపూట నీళ్లు గట్ల పోతె బీపీ పడిపోతది, లవణాలు తగ్గుతయి. ఒద్దు. సునాముఖి ఆకు కూడ గిట్లాంటిదే, డాక్టర్ చెప్పకుండ రోజూ ఒద్దు.

ఇసబ్‌గోల్ మంచిదే. అది గుజరాత్ దిక్కు పండే గింజల పొట్టు, నీళ్లు పీల్చి జిగటగ ఉబ్బుతది. ఒక చెంచ పెద్ద గ్లాసెడు నీళ్లల్ల కలిపి ఎంబడే తాగాలె, పైన ఇంకో గ్లాసు తాగాలె, తాగి ఎంబడే పండుకోవద్దు. మిగతా గోళీలకు దానికి రెండు గంటల ఎడం ఉంచుండ్రి. రాత్రి తాగి పొద్దున్నే రాలేదని ఇడిసిపెట్టకుండ్రి, రెండు మూడు రోజులు పడ్తది. మింగుడు కష్టమైనోళ్లకు, పక్షవాతం వచ్చినోళ్లకు, మంచంల ఉండి నీళ్లు తాగనోళ్లకు ఇయ్యనే ఇయ్యొద్దు, గొంతుల ఇరుక్కుంటది, లేకపోతె పేగుల గడ్డకడ్తది.

గోళీల సంగతి. మీ ఇంట్ల పెద్దమనిషి మింగే గోళీలన్ని ఒక సంచిల ఏసుకుని డాక్టర్ కాడికి పోండ్రి, ఆయుర్వేదం మందులు కూడ. రక్తానికి ఇచ్చే ఐరన్ గోళీ, ఎముకలకు ఇచ్చే కాల్షియం, ట్రమడాల్ లాంటి గట్టి నొప్పి గోళీలు, కోడీన్ ఉన్న దగ్గు సిరప్, కొన్ని గ్యాస్ సిరప్‌లు, మూత్రం ఆగనీకె ఇచ్చేటియి, నరాల మంటకు రాత్రిపూట ఇచ్చే అమిట్రిప్టిలిన్, ప్రీగాబాలిన్, బీపీకి ఇచ్చే వెరాపమిల్, ఇవన్నీ దొడ్డిని బిగబడ్తయి. మీ అంతట మీరు బంద్ చెయ్యకుండ్రి, ఇది మొదలుపెట్టినంకనే గిట్లైతుంది సారు అని చెప్పుండ్రి, చాలాసార్లు మార్చనీకె వీలైతది. థైరాయిడ్ తగ్గినా, షుగర్ పాతబడినా, పార్కిన్సన్స్ వచ్చినా మలబద్ధకం వస్తది, ఒకసారి పరీక్షలు చేపియ్యుండ్రి. ఇవన్నీ చేసినా కొందరికి మందు కావాల్సొస్తది, లాక్ట్యులోజ్ సిరప్పో, నీళ్లల్ల కలిపి తాగే పీఈజీ పౌడరో డాక్టర్ రాస్తడు, అవి మలంల నీళ్లు నిలబెడ్తయి. అలవాటైతదని భయపడి అవి మానేసి బాధపడొద్దు.

ఇవి కనిపిస్తె మాత్రం నా అంబలి, నా పీట అని కూసోకుండ్రి. మలంల రక్తం, లేకపోతె నల్లగ తారు లెక్క వచ్చుడు, తినుడు మామూలుగున్నా బరువు తగ్గుడు, రక్తం తక్కువైందని రిపోర్టు, 50 దాటినంక కొత్తగ మొదలైన మలబద్ధకం, ఇంట్ల ఎవరికన్న పేగు క్యాన్సర్ ఉండుడు, వీటికి ఆలస్యం చెయ్యకుండ పరీక్ష కావాలె. రక్తం కనిపిస్తె మొలలే అని ఊకోవద్దు. పొట్ట ఉబ్బి, వాంతులైతూ, గాలి కూడ పోకపోతె అప్పుడే పెద్ద దవాఖానకు, రాత్రయినా సరే.

(ఒకామె: అక్కా, మా అత్త పక్షవాతంతోని ఏడాదిసంది మంచంలనే ఉన్నది, ఆమెకు ఏం చెయ్యాలె?)

చెల్లె, ముందుగాల ఆమెను రోజూ పొద్దుగాల చాయ్ తాగినంక దిండ్లు పెట్టి కూసోబెట్టు, ఒక అరగంట. పండుకుని ఎవరికి రాదు. వీలైతె మంచం పక్కకే కమోడు కుర్చీ ఏసి ఇద్దరు పట్టుకుని దించుండ్రి. కాళ్లు ఒక్కోటి మడుచుడు, చాపుడు పది పదిసార్లు. పొట్ట మీద అరచెయ్యి పెట్టి కుడిపక్క కింది నుంచి పైకి, అడ్డంగ ఎడమపక్కకు, ఎడమ నుంచి కిందికి, గడియారం ముల్లు తిరిగినట్టు మెల్లగ పది నిమిషాలు రుద్దాలె, నొప్పి అంటె ఆపెయ్యాలె. ఇసబ్‌గోల్ ఒద్దు, పారాఫిన్ ఉన్న సిరప్ ఒద్దు, పండుకున్నోళ్లకు అది ఊపిరితిత్తులకు పోతది. మూడురోజులు రాకపోతె డాక్టర్ను అడుగు, కింద నుంచి పెట్టే గోళీ గని, చిన్న ఎనిమా గని చెప్తరు. కూసోబెట్టినప్పుడు తలుపు దగ్గరికెయ్యి, ఒక చీర అడ్డం కట్టు. మాట పోయినా సిగ్గు పోదు చెల్లె, నలుగురు అటుఇటు తిరుగుతుంటె ఆమె ఆపుకుంటది.

మా నాయిన ఆ తర్వాత ఇంకో నాలుగేండ్లు బతికిండు. తమ్ముడు అర్రకు ఆనిచ్చి చిన్న బాత్రూం కట్టిచ్చిండు. పొద్దుగాల ఆరున్నరకు మా మరదలు అంబలి ఇచ్చేది, నాయిన కుర్చీల కూసుని తలుపు దగ్గరికేసుకునేది, ఇంట్ల ఎవ్వరు అటు దిక్కు పోకపోయేది. ఆ నాలుగేండ్లల్ల ఒక్కసారి కూడ ఎనిమా కోసం దవాఖానకు రాలె. ఆ కమోడు కుర్చీ మా ఇంట్లనే ఊకనే ఉన్నది, కడిగి ఎండబెట్టి పెట్టిన, మంచిగున్నది. చెల్లె, నీకే కావాల్సొస్తదేమో, మీటింగ్ అయినంక నా కాడికి రా, రేపు ఆటోల ఏసి పంపుత.